అగోసు మోసిన పెట్రోలు

మాలో మగబిడ్డ కాళ్ళు ముందుపెట్టి పుడితే అగోసు అని పేరు పెడతారు. నేను చెప్పబోయే అగోసు అలా పుట్టినవాడే. నాలుగో ఏట జ్వరం తగిలింది. పోలియో అన్నారు. రెండు కాళ్ళూ ఎండు పుల్లల్లా అయిపోయాయి. "నా కాళ్ళకి తొందరెక్కువ. అందరికన్నా ముందొచ్చాయి, అందరికన్నా ముందెళ్ళిపోయాయి" అనేవాడు. ఇంకొకళ్ళు అనకముందే తనే అనేసుకోవడం అతని అలవాటు.

నా పేరు దోసీ. పోర్టో నోవో ఊరి చివర, వాండో బజారు దాటాక నైజీరియా సరిహద్దు వైపు వెళ్ళే రోడ్డు మలుపులో పంతొమ్మిదేళ్ళు పెట్రోలు అమ్మాను. ఒక చెక్కబల్ల, దానిమీద లీటరు సీసాలు, కింద రెండు పెద్ద పొట్టసీసాలు, ఒక గరాటు, వడకట్టడానికి గుడ్డముక్క. బైకు టాక్సీవాళ్ళు బండి దిగకుండానే మూత తీసేవాళ్ళు, నేను పోసేదాన్ని. కంపెనీ బంకులు ఊరు మొత్తానికి నాలుగో ఐదో ఉండేవి. వాటి దగ్గరికి ఆఫీసు కార్లు వెళ్ళేవి. మా సరుకుని క్పాయో అంటారు, అసలుది కాదని అర్థం. అసలుదో కాదో గానీ బంకులో కంటే లీటరుకి రెండు వందల ఫ్రాంకులు తక్కువ. ఊరంతా దానిమీదే తిరిగేది.

ఆ సరుకు నాకు తెచ్చిపెట్టేది అగోసు. అంతకుముందు బజారులో నేలమీద కూర్చుని చెప్పులు కుట్టేవాడు. ఇరవై నాలుగేళ్ళప్పుడు వెల్డింగ్ పనిచేసే మెడార్ దగ్గరికి వెళ్ళి, అప్పటిదాకా దాచుకున్నదంతా అతని చేతిలో పోసి, ఒక పాత స్కూటరుకి మూడో చక్రం వేయించుకున్నాడు. సీటు కింద, రెండు పక్కలా ఇనపరేకు ట్యాంకులు. మూడు వందల లీటర్లు పట్టేవి. బ్రేకు, గేరు అన్నీ చేతికే. సరిహద్దుకి ఇవతల మా ఇగోలో, అవతల నైజీరియా వాళ్ళ ఇదిరోకో. పొద్దున్నే ఖాళీగా వెళ్ళి, ఎండెక్కేసరికి నింపుకుని వచ్చేవాడు. వచ్చేటప్పుడు దూరం నుంచే కనిపించేవాడు, ఎందుకంటే ఆ బండిమీద అతను అందరికంటే ఎత్తుగా ఉండేవాడు. నేలమీద పాకినవాడు ఇప్పుడు కిందికి చూసి మాట్లాడేవాడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

కస్టమ్స్ వాళ్ళు లారీల్ని ఆపేవాళ్ళు, బైకుల వెంట పడేవాళ్ళు. కాళ్ళు లేనివాళ్ళని మాత్రం చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు. అందుకే ఆ దారిలో అగోసులాంటి బళ్ళు పాతికో ముప్పయ్యో ఉండేవి. అది జాలి అని అందరూ అనుకునేవాళ్ళు. అగోసు ఒప్పుకునేవాడు కాదు. "నన్ను ఆపితే బండి దింపాలి. దింపితే ఎత్తుకోవాలి. ఎత్తుకుంటే ఈ కంపు వాళ్ళ యూనిఫాంకి అంటుకుంటుంది. ఆపైన ఇంట్లో పెళ్ళాం గుమ్మం దాటనివ్వదు" అనేవాడు.

నిజానికి ఆ కంపు అతన్ని ఎప్పుడూ వదల్లేదు. బట్టలు బయటే విప్పి, సున్నిపిండిలాంటి నల్లసబ్బుతో రుద్దుకున్నా చర్మం లోపలి నుంచి వచ్చేది. ట్యాంకులోంచి సరుకు దించడానికి గొట్టం నోట్లో పెట్టుకుని లాగేటప్పుడు ఎంత జాగ్రత్తపడ్డా రెండు గుటకలు లోపలికి పోయేవి. మాట మధ్యలో దగ్గు వచ్చేది. పెళ్ళి మాటలప్పుడు హువేఫా తండ్రి "బాంబు మీద కూర్చునేవాడికి పిల్లనివ్వనా?" అన్నాడట. ఇగోలోలో మొక్కజొన్న ముద్దలు అమ్ముకునే ఆ పిల్ల, "కూర్చునే ఉంటాడుగా నాన్నా, లేచి పారిపోడుగా" అందట. ఈ మాట చెప్పి అగోసు ఎన్నిసార్లు నవ్వాడో లెక్కలేదు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. సిమెంటుతో రెండు గదులు కట్టాడు. వంటపొయ్యి మాత్రం స్థలం చివర, కొబ్బరిచెట్టు అవతల వేయించాడు. పొయ్యి ఆరిందాకా అటు వెళ్ళేవాడు కాదు. భార్య పొయ్యి దగ్గర ఏం చేస్తుందో, వంట చేసేటప్పుడు ఏ పాట పాడుతుందో తను ఎరగనని ఒకసారి నాతో అన్నాడు.

ఒకసారి చుట్టాలింట్లో చావుకి ఇదిరోకో వెళ్ళాల్సి వచ్చి అతని బండి వెనకే టాక్సీలో వెళ్ళాను. అతను నింపుకునే బంకు రఫియు అనే యొరూబా మనిషిది. అగోసు తల్లిది కూడా ఆ జాతే కాబట్టి ఇద్దరికీ మాట కలిసింది. గొట్టం పెట్టి నింపుతుంటే నేను నీడలో కూర్చుని, అన్నేళ్ళ వ్యాపారంలో ఎప్పుడూ అడగాలనిపించని ప్రశ్న అడిగాను.

"మీ దగ్గర ఇంత చవకేంటన్నా? మీ నేలలో దొరుకుతుందనా?"

రఫియు నవ్వాడు. "నేలలో దొరికేది పెట్రోలు కాదమ్మా, నల్లటి జిగట నూనె. దాన్ని ఓడెక్కించి సముద్రం అవతలికి పంపిస్తాం. వాళ్ళు కాచి, వడగట్టి, మళ్ళీ ఓడెక్కించి మాకే అమ్ముతారు. రేవులో దిగేసరికి మీకెంత పడుతుందో మాకూ అంతే."

"మరి?"

"మరేముంది. సగం మా సర్కారు కడుతుంది. ధర పెంచితే జనం రోడ్డెక్కుతారని భయం. మీ సర్కారు కట్టేది లేకపోగా పైన పన్ను వేస్తుంది. ఇక్కడ ధర దించారు, అక్కడ ఎత్తారు. మధ్యలో గుంట పడింది. మీ తమ్ముడు ఆ గుంటలోనే బతుకుతున్నాడు." తర్వాత అగోసు వైపు తిరిగి, "మా పిల్లల చదువులకీ మా ఆస్పత్రులకీ పోవాల్సిన డబ్బురా అది. నీ పిర్రల కింద పోసుకుని పోతున్నావు" అన్నాడు.

"ఏడవకన్నా, తిరిగిచ్చేస్తా. గొట్టం పెట్టి లాక్కో. అలవాటు లేనోళ్ళకి కాస్త వాంతవుద్దంతే" అన్నాడు అగోసు.

ఇద్దరూ నవ్వుకున్నారు. మూత బిగించాక అగోసు నెమ్మదిగా అడిగాడు, ఆ సగం కట్టడం ఎప్పుడైనా మానేస్తారా అని. మానేస్తామని తన చిన్నప్పటి నుంచి అంటూనే ఉన్నారని, అన్నప్పుడల్లా జనం రోడ్డెక్కుతారని, మళ్ళీ ఊరుకుంటారని రఫియు చెప్పాడు. అగోసు తలూపి బండి తీశాడు.

మూడేళ్ళ తర్వాత, మే నెలాఖరున, అక్కడి కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసిన రోజునే, ఆ డబ్బు ఇక కట్టేది లేదని చెప్పేశాడు. మేము రేడియోలో విన్నాం. ఎప్పటి మాటేలే అనుకున్నాం. మర్నాడు పొద్దున అగోసు ఇదిరోకో వెళ్తే బంకుల ముందు కిలోమీటరు పొడుగున బళ్ళు నిలబడి ఉన్నాయట. రఫియు గొలుసు అడ్డంకట్టి కూర్చున్నాడు. రెండ్రోజుల్లో, వాళ్ళ డబ్బులో నూట ఎనభై అయిదు నైరాలున్న లీటరు అయిదు వందలు దాటిపోయింది. అగోసు ఖాళీ ట్యాంకుతో తిరిగొచ్చాడు. అన్నేళ్ళలో అలా రావడం అదే మొదలు. ఖాళీ బండి గుంతల మీద గడగడమంటూ వచ్చి నా బల్ల దగ్గర ఆగింది.

"రఫియు ఏమన్నాడు?" అన్నాను.

"ఏమంటాడు. వాడి బండిలో కూడా లేదు. నడిచి ఇంటికెళ్తానన్నాడు." ఖాళీ ట్యాంకు మీద చేత్తో తట్టి, "నడుస్తాడులే వాడు" అన్నాడు.

నా బల్లమీద నాలుగు వందల యాభై ఉన్న సీసా వారం తిరక్కుండా ఏడు వందలయింది. బంకులో ఆరు వందల యాభై. ఏళ్ళ తరబడి నా దగ్గరే పోయించుకున్న టాక్సీవాడొకడు బండి ఆపి, "అసలుదేమో ఆరొందల యాభై, నకిలీదేమో ఏడొందలా? పేరు మార్చుకో అక్కా" అని నవ్వి బంకు వైపు వెళ్ళిపోయాడు. నాకు కోపం రాలేదు. నేనైనా అదే చేసేదాన్ని.

ఆ వానాకాలంలో మా రోడ్డు మీది బల్లలు ఒక్కొక్కటే లేచిపోయాయి. మూడు చక్రాల బళ్ళవాళ్ళలో కొందరు బండి అమ్మి స్వగ్రామాలకి పోయారు, ఇద్దరు వాండో మసీదు దగ్గర చెయ్యి చాపుతున్నారని విన్నాం. మెడార్ వాకిట్లో కోసిపడేసిన ట్యాంకులు గుట్టపడ్డాయి. అగోసు రెండు నెలలు ఇంట్లో ఉన్నాడు. అప్పుడే మొదటిసారి పొయ్యి పక్కన కూర్చున్నాడని హువేఫా చెప్పింది. సంతోషంగా చెప్పలేదు. పొయ్యిమీద ఎక్కువగా ఏమీ ఉండేది కాదు. పెద్దపిల్లని బడి మాన్పించి కుట్టుపనికి పెట్టారు. చెప్పులు కుట్టే పని మళ్ళీ చేద్దామంటే చైనా చెప్పులు వచ్చాక కుట్టించుకునేవాళ్ళెవరు.

ఆగస్టులో రఫియు దగ్గర్నుంచి ఫోను వచ్చింది. నైరా విలువ రోజురోజుకీ పడిపోతోందని, వాళ్ళ లీటరు వాళ్ళకి మండుతున్నా మన ఫ్రాంకులు పట్టుకెళితే మళ్ళీ కాస్త చవకేనని చెప్పాడు. గుంట మళ్ళీ పడింది గానీ మునుపటంత లోతు లేదు. ముందు లీటరుకి మిగిలేదానిలో నాలుగోవంతు కూడా ఇప్పుడు మిగలదు. ఆ లెక్క అగోసు నాకు చెప్పాల్సిన పనిలేదు. మెడార్ దగ్గర రెండ్రోజులు కూర్చుని సీటు వెనక ఇంకో ట్యాంకు వేయించుకొచ్చాడు. నిలువు ట్యాంకు, అతని భుజాల కంటే ఎత్తు. మొత్తం కలిపి అయిదు వందల యాభై లీటర్లు.

నేను దాని చుట్టూ తిరిగి చూశాను. "ఇది బండి కాదురా, సమాధి. ఇంత బరువు ఈ స్కూటరు లాగుద్దా? మలుపులో ఒరిగితే?"

"ఒరగనివ్వను."

"మెడార్ ఒప్పుకున్నాడా?"

"మెడార్ కూడా ఖాళీగా ఉన్నాడక్కా." సీటు మీద సర్దుకుని కూర్చున్నాడు. "రెండుసార్లు తిరిగితే కస్టమ్స్ వాళ్ళు కూడా ఊరుకోరు ఇప్పుడు. ఒక్కసారే ఎక్కువ తేవాలి. నువ్వు చెప్పు ఇంకో దారి, వింటాను."

నాకూ ఆ సరుకే కావాలి.

అక్టోబరులో వాన వెలిసిన ఒక పొద్దున, పది గంటలకి, అతను మలుపు తిరుగుతున్నాడు. నా కోసమే వేగం తగ్గించాడు. రోడ్డు అంచు ముందురోజు వానకి కోసుకుపోయింది. పక్క చక్రం అందులో దిగింది. పెద్ద దెబ్బేం కాదు, వెనక ట్యాంకు లేకపోతే ఎత్తి పెట్టేసేవాళ్ళం. కానీ ఆ ఎత్తు ట్యాంకులో బరువు ఒక్కసారి ఇటు ఊగింది, బండి మొత్తం నెమ్మదిగా, నమస్కారం పెట్టినట్టు, రోడ్డు పక్క కాలవలోకి పడుకుంది. అగోసు దానికింద ఉన్నాడు. నడుము నుంచి కిందికి ట్యాంకు నొక్కేసింది. వెనక ట్యాంకు మూత ఊడిపోయి పెట్రోలు కాలవలోకి బుడబుడమంటూ కారింది.

మొదట చేయాల్సింది నేను చేశాను. అది చెప్పుకోవాలి. టాక్సీవాళ్ళని ఇంజన్లు ఆపమన్నాను, చేపలు వేయించే ఆమె పొయ్యిమీద బకెట్టు నీళ్ళు కుమ్మరించాను. అగ్గి పుట్టలేదు. ఆ రోజు ఎక్కడా నిప్పురవ్వ లేవలేదు.

వెనకటి రోజుల్లో ఇలా జరిగితే జనం దూరంగా పరిగెత్తేవాళ్ళు. ఆ రోజు జనం దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. బేసిన్లు, బకెట్లు, వంటగిన్నెలు. చేపలామె తన నూనె మూకుడు తెచ్చింది. టాక్సీవాళ్ళు నీళ్ళ సీసాలు ముంచుతున్నారు. కాలవలో పారుతున్నది లీటరు ఆరు వందల ఫ్రాంకుల సరుకు. అందరూ నేను ఎరిగినవాళ్ళే, అగోసుని ఎరిగినవాళ్ళే. బండి లేపడానికి నలుగురు మగవాళ్ళు చాలు. అక్కడ తొమ్మిది మంది ఉన్నారు. తొమ్మిది మందీ వంగి ఉన్నారు.

నేను కూడా వంగాను. బల్లకింది పాతిక లీటర్ల ఖాళీ డబ్బా తీసుకుని, గరాటు పెట్టి, చిప్పతో ముంచి పోస్తున్నాను. అతని తల నాకు రెండు మూరల దూరంలో ఉంది. బోర్లా పడ్డాడు, చేతుల మీద లేవాలని చూస్తున్నాడు. చేతులు బలమైనవే, కానీ బురద జారుతోంది.

"అక్కా" అన్నాడు.

"వస్తున్నా" అన్నాను.

డబ్బా మూతి ఇరుకు. పైన నురగ వస్తుంటే ఆగి ఆగి పోయాలి. పంతొమ్మిదేళ్ళ అలవాటు, ఒక్క చుక్క బయట పడలేదు. నిండాక మూత బిగించి, బల్లకింద పెట్టి, అప్పుడు తిరిగి, ఇక చాలు లేపండి అని అరిచాను. నేను అరిచాక లేపారు. అప్పటికి కాలవ గుంటలో పెట్రోలు అతని గడ్డం దాకా వచ్చింది. మింగాడు, పీల్చాడు కూడా. బయటికి తీసేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ దగ్గడానికి కూడా ఊపిరి లేదు.

ఆస్పత్రిలో బట్టలు కోసి తీస్తుంటే పొట్ట మీదా తొడల మీదా చర్మం తడి కాగితంలా ఊడివచ్చింది. నిప్పు తగలకుండానే కాలిపోయాడని నర్సు చెప్పింది. ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు చెప్పాడు.

మర్నాడు పొద్దున ఆ డబ్బా నెత్తిన పెట్టుకుని హువేఫా ఇంటికి వెళ్ళాను. ఇవ్వాలని పట్టింది కాదు. రాత్రంతా బల్లకింద అది ఉందని గుర్తొస్తుంటే ఉండబట్టక తీసుకెళ్ళాను. ఆమె ఆస్పత్రికి గంజి కాస్తోంది. డబ్బా చూడగానే పొయ్యి దగ్గర్నుంచి లేచి దూరంగా వచ్చింది. మూత తీసి వాసన చూసింది, సీసాలోకి కాస్త వంచి వెలుగులో పట్టుకుంది.

"దీంట్లో మట్టి కలిసిందక్కా. రెండుసార్లు వడకట్టి అమ్ము. మందులకి కావాలి" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "అందరూ ఎవరి పాలు వాళ్ళు పట్టుకుపోయారట. నువ్వొక్కదానివి మా కోసం పట్టావు."

నేను డబ్బా మూత బిగించి మళ్ళీ నెత్తికెత్తుకున్నాను. వడకట్టి అమ్మి డబ్బు తెచ్చిచ్చాను.

ఆరో రోజు అగోసుకి కాస్త మాట వచ్చింది. హువేఫా నీళ్ళకి వెళ్ళింది. నేను పక్కన కూర్చుని ఈగలు తోలుతున్నాను.

"మొత్తం పోయిందా అక్కా?" అన్నాడు.

"పోయింది."

"నేలపాలేనా?"

"కొంత జనం పట్టుకున్నారు."

పైకప్పు రేకులకేసి చూస్తూ, "మంచిది" అన్నాడు. "ముప్పయి కిలోమీటర్లు మోసుకొచ్చాను." అంతే. నా వైపు తిరగలేదు. ఆ పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నానని అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. చెప్పేయాలని నోరు తెరిచాను, హువేఫా వచ్చేసింది.

పదకొండో రోజు మధ్యాహ్నం పోయాడు. నలభై ఆరేళ్ళు. మూడు చక్రాల బళ్ళవాళ్ళలో మిగిలిన ఏడుగురూ, బళ్ళన్నీ ఖాళీగా, శవం ముందు వరసగా నడిపించారు. బేసిన్లతో వచ్చినవాళ్ళు కూడా వచ్చారు. చేపలామె అందరికంటే గట్టిగా ఏడ్చింది. అది నటన అని నేననను. మెడార్ రాలేదు. అతను ఆ వెనక ట్యాంకు ముక్కలుగా కోసి, పాతినుముకి అమ్మి, డబ్బులు హువేఫాకి పంపించాడు, ఊరు వదిలి కొటోనూ వెళ్ళిపోయాడు.

నేను పెట్రోలు అమ్మడం మానేశాను. అదే మలుపుకి కాస్త ఇవతల ఇప్పుడు అలసంద వడలు వేస్తాను. హువేఫా, అందరూ తెల్ల అంగీలు వేసుకుని వెళ్ళే చర్చికి వెళ్తూ, వస్తూ నా దగ్గర ఆగేది. పిల్లలకి నాలుగు వడలు కట్టించుకునేది. కుట్టుపని చేసే పెద్దదాని సంగతులు చెప్పేది. అలా అయిదారు నెలలు గడిచాక, ఒక ఆదివారం వడలు అందుకుంటూ, మామూలుగానే అడిగింది.

"ఆ రోజు నువ్వు ఆయనకి ఎంత దూరంలో ఉన్నావక్కా?"

ఎవరో చెప్పి ఉంటారు. నేను మూకుడులోంచి జల్లిగరిటె తీసి పక్కన పెట్టాను.

"దగ్గరే" అన్నాను.

"పిలిచాడా?"

"పిలిచాడు."

"ఎంతసేపటికి ఎత్తారు?"

"డబ్బా నిండేదాకా" అన్నాను.

ఆమె వడల పొట్లం సంచిలో పెట్టుకుంది. తలమీది తెల్లగుడ్డ సర్దుకుంది. డబ్బులు బల్లమీద పెట్టి, పిల్లలు ఎదురుచూస్తుంటారంటూ వెళ్ళిపోయింది.

ఇప్పుడు కూడా ఆ దారినే పోతుంది. ఎదురుపడితే "బాగున్నావా అక్కా" అంటుంది, నా మోకాలి నొప్పి సంగతి అడుగుతుంది. వడలు మాత్రం రోడ్డు అవతల బల్ల దగ్గర కొంటుంది.